మెత్తని చెయ్యి

మేకప్ మాస్టర్ చాలాసేపటి నుంచి మరో ఆడదాని వీపు మీద వంగి ఉన్నాడు. అతని భార్య మూలనున్న కుర్చీ అంచున కూర్చుని అతని చేతినే చూస్తోంది.

టిఫిన్ డబ్బా వంకతో వచ్చిందామె. మేకప్ గది గుమ్మంలో ఆమెను చూడగానే అతను అడిగిన మొదటి మాట, "ఎవరితో వచ్చావు?" ఒక్కదాన్నే వచ్చానని చెప్పాక గాని లోపలికి రమ్మనలేదు.

అసలు ఆమెను ఉసిగొల్పింది పక్కింటి పిన్ని. వీధి చివర సినిమా పోస్టర్ చూసొచ్చి, నిన్ను గడప దాటనివ్వని మొగుడు రోజంతా ఆ పిల్ల వీపు మీద బొమ్మలు గీస్తున్నాడట, నువ్విలాగే చేతులు కట్టుకుని కూర్చో అని చెవినేసి పోయింది. ఆ మాట విన్నప్పటి నుంచి ఆమెకు అన్నం సయించలేదు.

సినిమా అందరికీ తెలిసిన పాత కథే. ఏ పాపమూ ఎరగని ఇల్లాలిని మొగుడు అనుమానిస్తాడు, హింసిస్తాడు, వెళ్ళగొడతాడు. చివరికి ఆమె తప్పేమీ లేదని లోకానికి తెలుస్తుంది. కథలో కొరడా దెబ్బల ఊసు ఒక్క వాక్యం. నిర్మాత దాన్ని సగం సినిమా చేశాడు. పోస్టర్ మీద ఆ ఇల్లాలికి ముఖమే లేదు, వీపు మాత్రం ఉంది. కన్నీళ్ళకు ఆడవాళ్ళు, వీపుకు మగవాళ్ళు వస్తారని ఆయన నమ్మకం.

"వెనక్కి ఆనుకోకమ్మా, రంగు చెదిరిపోతుంది," అన్నాడు మాస్టర్ హీరోయిన్‌తో. "చల్లగా తగులుతోందా? ఉండు, చేతిలో కాస్త వెచ్చబెడతాను."

అంత నెమ్మదైన గొంతు ఆ మనిషికి ఉందని ఇన్నేళ్ళ కాపురంలో భార్యకు తెలియదు.

"మీ ఆయన చెయ్యి ఎంత మెత్తనో అక్కా," అద్దంలోంచి నవ్వింది హీరోయిన్. "నాకైతే నిద్ర ముంచుకొస్తుంది. అదృష్టవంతులు మీరు."

భార్య ఏదో అనబోయింది. మొగుడు తలెత్తి చూడడంతో ఊరుకుంది. ఇంత ఉక్కపోతలో మెడదాకా గుండీలేమిటి, ఒకటి విప్పుకోండి అని ఆ పిల్ల చనువుగా అంటే, అలవాటమ్మా అని మాత్రం చెప్పింది.

మాస్టర్ మధ్యమధ్య ఫోన్‌లో ఒక ఫొటో చూసుకుంటున్నాడు. అదేం ఫొటోనో భార్యకు తెలుసు. ఈ సినిమా మొదలైన దగ్గర్నుంచి రోజూ పొద్దున ఆమెను కిటికీ వెలుగులో నిలబెట్టి, జాకెట్టు దించమని, వీపు ఫొటో తీసుకుంటున్నాడు. హీరోయిన్‌దీ ఆమెదీ ఒంటిరంగు ఒకటేనట, షేడు చూసుకోవాలట. మొగుడు తనను అంత శ్రద్ధగా చూసి ఎన్నాళ్ళయిందో అని మొదట్లో ఆమె లోలోపల మురిసింది కూడా. తీరా చూస్తే ఆ చూపూ ఈ పిల్ల కోసమే.

ఇంతలో డైరెక్టర్ వచ్చి, కళ్ళజోడు సర్దుకుని వీపంతా పరీక్షగా చూశాడు.

"ఇవాళ్టి దెబ్బ ఎర్రగా ఉంది, నిన్నటిది కమిలింది, పాతది అంచుల్లో పచ్చబడింది. డాక్టరైనా నమ్మేస్తాడు. ఎక్కడ నేర్చుకున్నావయ్యా ఈ పని?"

"ఇంట్లో సాధన సార్."

అందరూ నవ్వారు. భార్య కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా.

షాట్ చూడమని ఆమెను కూడా సెట్ మీదకు తీసుకెళ్ళారు. కొరడా గాల్లోనే ఆడింది. హీరోయిన్ మాత్రం ఒక్కో విసురుకీ మెలికలు తిరుగుతూ, తన తప్పు లేదని ఏడ్చింది. లైట్లు పట్టుకున్నవాళ్ళు సైతం కళ్ళు తుడుచుకున్నారు. కట్ అనగానే ఒకరు దుప్పటి కప్పారు, ఒకరు మంచినీళ్ళిచ్చారు, డైరెక్టర్ తల నిమిరాడు. మాస్టర్ అందరికంటే ముందు పరుగెత్తి, నొప్పేమైనా చేసిందా అమ్మా అని అడిగాడు.

ఒంటి మీద ఈగైనా వాలని మనిషికి ఇంత పరామర్శా అనుకుంది భార్య. ఆ పిల్ల తనకు ఏ అపకారమూ చేయలేదని తెలుసు. కుళ్ళుకు అవన్నీ పట్టవు.

పని ముగిశాక డైరెక్టర్ మాస్టర్‌ను మర్నాటి షాట్ గురించి మాట్లాడాలని పిలిపించాడు. అక్కా, కాస్త మీరే తుడుస్తారా అంటూ హీరోయిన్ నూనె సీసా, దూది అందించి వెనక్కి తిరిగింది.

భార్య దూది తడిపి వీపు మీద ఆనించింది. ఎర్రటి వాత కరిగి దూదికి అంటుకుంది. ఇంకోసారి తుడిస్తే కమిలిన నీలం పోయింది. పచ్చటి మరకలూ పోయాయి. కింద నున్నటి చర్మం, పసిపిల్ల ఒళ్ళులా ఉంది.

అద్దంలో ఆమె ముఖం చూసి హీరోయిన్ కంగారుపడింది.

"ఏడుస్తున్నారా అక్కా? నా మీద అనుమానం పెట్టుకోకండి. ఆయన నాకు అన్నలాంటివారు."

"అనుమానం కాదమ్మా, కుళ్ళు."

"నామీదా? ఎందుకక్కా?"

భార్య రంగంటిన దూది తీసి పక్కన పడేసింది. ఆ పిల్ల ఆమె చెయ్యి నొక్కి, బట్టలు మార్చుకుని వెళ్ళిపోయింది.

భార్య తలుపు గడియ పెట్టింది. మెడదాకా ఉన్న గుండీలు ఒక్కొక్కటే విప్పి, జాకెట్టు దించి, అద్దానికి వీపు తిప్పింది. సీసాలో మిగిలిన నూనెతో దూది తడిపి, చెయ్యి అందినంత మేరా వీపు రుద్దుకుంది.

ఒక్క వాతా చెరగలేదు.