నలభై ఒకటో మీటరు

ఆ కోల్డ్ స్టోరేజీలో నలభై గదులు, వాటి చలి కొలిచే నలభై మీటర్లు. మీటరు నంబరు వస్తే చాలు, పక్కన గది పేరు దానంతటదే తెర మీద పడేలా పట్టిక రాసింది అక్కడ రాత్రి డ్యూటీ చూసే ఆమే. పేరు లేని అంకె ఎవరికీ పట్టదని ఆమె నమ్మకం.

ఆ రాత్రి నలభై ఒకటో నంబరు వచ్చింది. పేరు గడి ఖాళీ. మిగతావన్నీ సున్నాకి పద్దెనిమిది డిగ్రీలు కింద ఉంటే, ఇది మాత్రం ముప్పై ఏడు. మనిషి ఒంటి వేడి.

ఖాళీ గడి కనిపిస్తే ఆమెకి ఒళ్ళు మంట. అప్పటికి ఆ గడిలో తన కూతురి ముద్దుపేరు ‘బుజ్జి’ అని టైపు చేసి, రిటైరైన సూపర్‌వైజరుకి ఫోన్ చేసింది.

"సార్, నలభై ఒకటి ఏ గదిది?"

"మళ్ళీ వచ్చిందా? దానికి ఏ పేరూ పెట్టకమ్మా. అప్పట్లో నేను సరదాకి మా తమ్ముడి పేరు పెట్టాను. తెల్లారేసరికి సున్నాకి దిగిపోయింది."

"మరి మీ తమ్ముడు?"

అవతల ఆయన ఫోన్ పెట్టేశాడు.

తెర మీద ‘బుజ్జి’ పక్కన ముప్పై ఆరు పడింది. కాసేపటికి ముప్పై ఐదు.

ఆమె వేలు చెరిపే మీట మీద ఆగిపోయింది. పేరు తీసేస్తే అంకె దిగడం ఆగుతుందా? లేక, దిగుతున్న వేడి ఎవరిదో తెలియకుండా పోవడం, అంతేనా?