తృష్ణ బోర్డు

"మళ్లీ చెరిపేశావా? నీ దుంపతెగ!" కింద యజమాని నెత్తి కొట్టుకున్నాడు.

"వట్రసుడి వంకరపోయింది సార్," అన్నాడు నిచ్చెన మీదున్న పెయింటర్.

వట్రసుడి నిక్షేపంగా ఉంది. బోర్డు పూర్తయితే సాయంత్రమే బారు తెరుస్తారు. తెరిచారంటే తన కొంప మునిగినట్టే.

పని ఒప్పుకునేటప్పుడు అక్షరాలెంత ఎత్తు, ఏం రంగు అని అడిగాడే గానీ, అది ఏం దుకాణమో అడగలేదు. ఈ పనిలో ఎవరూ అడగరు. పేరు విని మంచినీళ్ల కంపెనీ కాబోలనుకున్నాడు. తీరా వచ్చి చూస్తే బారు, అదీ తన వీధి చివరే!

"ఈ పేరెందుకు పెట్టారు సార్?"

"దాహమన్నా తృష్ణే, ఆశన్నా తృష్ణే. మా చెల్లెలి బట్టల కొట్టు పేరూ అదే. సెంటుసీసా మీద చూశాను, పెళ్లిసంబంధాల యాప్‌కీ చూశాను. ఎక్కడ తగిలించినా అతుకుతుందయ్యా!"

పెయింటర్ ఆ మాట మొదట విన్నది డాక్టరు గదిలో. భార్యాభర్తలిద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాడాయన: "తాగుడు మానేసినా తృష్ణ చావదు, నిద్రపోతుందంతే. దగ్గర్లో చప్పుడు కాకుండా చూసుకోండి." ఇప్పుడా చప్పుడేదో తన చేత్తోనే, ఎర్రరంగుతో చేస్తున్నాడు. ఛీ, ఏం బతుకు!

"గీత మళ్లీ వంకరపోతోందా? ఒక్క గుక్క వేసుకో, సర్దుకుంటుంది." యజమాని గ్లాసు అందించబోయాడు.

"వద్దు సార్, మీకు దండం పెడతాను. అవతల పెట్టండి." ఆ వాసనకే అతను మొహం పక్కకి తిప్పుకున్నాడు.

ఇంతలో ఫోన్ మోగింది. భార్య.

"ఎక్కడున్నావయ్యా?"

"పనిలోనే. బ్యూటీపార్లర్ బోర్డు."

"మన వీధి చివర ఏదో తెరుస్తున్నారట, అదేనా?"

"ఛఛ, అది కాదే."

"నీకు అబద్ధమాడటం చేతకాదు. నాకు భయంగా ఉంది. తొందరగా ఇంటికొచ్చెయ్."

ఫోన్ జేబులో పెట్టి బ్రష్షు అందుకున్నాడు. ఈసారి యజమాని నిచ్చెన పట్టుకుని కదలకుండా నిలబడి పని పూర్తి చేయించాడు. పొద్దుగూకేసరికి బోర్డు మీద లైట్లు వెలిగాయి, జనం లోపలికి తోసుకెళ్లారు. పెయింటర్ బ్రష్షులైనా కడగకుండా ఇంటికేసి పరుగుతీశాడు. దేవుడా, ఈ ఒక్కరోజు గట్టెక్కించు! ఇన్నాళ్ల కష్టం ఒక్క గుక్కతో మట్టిపాలైతే మళ్లీ మొదలుపెట్టే ఓపిక తనకి లేదు.

తలుపు తీసిన భార్య, అతను అడక్కముందే, వాసన చూడమని నోరు తెరిచింది.