ఆరో అమ్మాయి జాడ

“బామ్మా, మన జాబితాకే మొదటి బహుమతి,” అంటూ కెల్సీ ఫోను చెవికి ఆనించుకునే వంటింట్లోకి వచ్చింది. చేతికున్న పిండి ఫోనుకీ, చెవికీ అంటుకుంది.

వెర్నా బామ్మ కాఫీ కప్పు ఎత్తింది. ఆవిడ కప్పు ఎత్తినప్పుడల్లా ఎడమచేతి చిటికెన వేలు రాణిగారి వేలులా విడిగా నిలబడుతుంది. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన మూడు వారాల్లో కెల్సీ ఆ దర్జాని అద్దం ముందు రెండుసార్లు సాధన చేసింది కూడా.

“ఫరవాలేదే,” అంది బామ్మ. ఈ అయోవా రాష్ట్రంలో అంతకుమించి ఎవరూ పొంగిపోరు.

ఊరి వారపత్రిక పెట్టిన పోటీ అది. అరవై ఏళ్ళ కిందట ఈ జిల్లాలో బాస్కెట్‌బాల్ ఆడిన అమ్మాయిలందరినీ కలిపి ఒకే జట్టు కట్టాలంటే ఎవరిని తీసుకుంటారు? ఆరు పేర్లు రాయాలి. ఎవరి పేరు వాళ్ళు రాసుకోకూడదు. ఆ రోజుల్లో అమ్మాయిల ఆటే వేరు. కోర్టు మధ్యలో గీత. గీతకి అటు ముగ్గురు బంతి బుట్టలో వేసేవాళ్ళు, ఇటు ముగ్గురు అడ్డుకునేవాళ్ళు. ఎవరూ గీత దాటకూడదు.

బామ్మ చెబుతుంటే ఆ పేర్లు రాసింది కెల్సీయే. “ఆరడుగుల ఫిలిస్‌ని ఎందుకు వదిలేశారు?” అని అడిగితే, “పొడుగుంటే సరా? దానికి బంతి కన్నా తన జడ మీద ధ్యాస ఎక్కువ,” అంది బామ్మ. ఆరో పేరు దగ్గర మాత్రం ఆలోచించలేదు. “డార్లిస్ రాస్ముసెన్. అడ్డుకోవడంలో దాన్ని మించిన పిల్ల లేదు.”

ఇప్పుడు చిక్కంతా ఆ పేరుతోనే వచ్చింది. రేపు పదింటికి బడి పాత ఆటల హాల్లో ఆరుగురికీ జట్టు కోట్లు ఇస్తారట. ఐదుగురి వివరాలు దొరికాయి. డార్లిస్ జాడ లేదు. రేపటిలోగా తెలియకపోతే ఆ పేరు కొట్టేసి వేరొకరిని వేస్తామన్నాడు సంపాదకుడు.

“కొట్టేస్తారా?” బామ్మ కప్పు సగంలో ఆగింది.

“నేనుండగా ఎలా కొట్టేస్తారు? వెతికి పట్టుకుంటాను,” అంది కెల్సీ. అత్తింట్లో తనకి దొరికిన మొదటి పెద్ద పని ఇది.

మధ్యాహ్నం కెల్సీ, ఆమె భర్త ట్రెంట్, బామ్మ ముగ్గురూ కారెక్కారు. ముందు సీటు బామ్మది. అది ఎవరికీ ఇవ్వదు. పెళ్ళినాడు చర్చి నుంచి వచ్చేటప్పుడు కూడా పెళ్ళికొడుకు ట్రెంట్ వెనకే మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. ఇప్పుడూ అక్కడి నుంచే చెయ్యి చాపి, కారు నడుపుతున్న కెల్సీ చెవికంటిన పిండి తుడుస్తున్నాడు.

“రోడ్డు చూడనివ్వరా దాన్ని,” అంది బామ్మ.

“మీరు ఆడలేదా బామ్మా?” అడిగింది కెల్సీ.

“మా నాన్న పాస్టరు. మోకాళ్ళు కనిపించే లాగు వేసుకోనిస్తాడా? శుక్రవారం సాయంత్రం అత్తయ్య ఇంట్లో కుట్టుపని అని చెప్పి బయటపడేదాన్ని.”

“అలా వెళ్ళి ఎన్ని మ్యాచ్‌లు చూశారు?”

“పొరుగూళ్ళలో జరిగినవన్నీ. ఒక్కటీ వదల్లేదు.”

రాస్ముసెన్ ఇంటిపేరున్న వాళ్ళ ఇళ్ళు మూడు తిరిగారు. మొదటి ఇంట్లో ‘రూబార్బ్ పై’ అనే పుల్లటి పిండివంట పెట్టారు. రెండో ఇంట్లోనూ అదే పెట్టారు. మూడో ఇంట్లో పెట్టబోతే ట్రెంట్ దణ్ణం పెట్టాడు. డార్లిస్ అనే పిల్ల తమ వంశంలోనే లేదన్నారు అందరూ. బడి పాత పుస్తకాల్లోనూ ఆ పేరు కనబడలేదు.

“ఈ డార్లిస్ దయ్యమేమోనే,” అన్నాడు ట్రెంట్.

“దయ్యం నీ చొక్కాకి బొత్తాలు కుట్టదురా,” అంది బామ్మ, కిటికీ బయటికి చూస్తూ. ఆవిడ మాటలు ఒక్కోసారి అలాగే పొంతన లేకుండా ఉంటాయి.

ఇంటికొచ్చాక కెల్సీ ఆఖరి ప్రయత్నంగా, జాబితాలో మొదటి పేరైన, ఇప్పుడు అరిజోనాలో ఉంటున్న లవాన్‌కి ఫోన్ చేసింది. అప్పట్లో పక్క ఊరి జట్టుకి బుట్టలు నింపిన మనిషి. బామ్మ కూడా వినాలని స్పీకరు పెట్టింది.

“రాస్ముసెనా? జిడ్డులా పట్టుకుంది నన్ను,” అని ఉరిమింది లవాన్. “ఆటకి ముప్పై పాయింట్లు వేసేదాన్ని, ఆ రోజు నాలుగంటే నాలుగు. నా మోచెయ్యి తగిలి దాని వేలు విరిగింది. జడ రిబ్బనుతో కట్టుకుని మళ్ళీ వచ్చి నిలబడింది, మొండిఘటం. ఆట అవగానే మాయం. క్షమించమని అడుగుదామని బస్సు దాకా పరిగెత్తాను. లేదు. అరవై ఏళ్ళుగా అడగాలనే ఉంది.”

కెల్సీ ఫోన్ పెట్టేసింది.

“ఉందని తేలింది కదా బామ్మా. కానీ ఎక్కడుందో తెలియదు. పేరు తీసేయమని చెప్పనా?” అంది కెల్సీ.

“వద్దు,” అంది బామ్మ. “రేపు పదింటికి వస్తుందని చెప్పు. మా నాన్న పోయి కూడా నలభై ఏళ్ళయింది.”

“మీకు ముందే తెలుసా? ఎక్కడుంది? పొద్దున్నే వెళ్ళి ఎక్కించుకుందాం. ట్రెంట్‌ని ఇంట్లో వదిలేసి వెనక సీటు ఆవిడకి ఖాళీ చేస్తాను.”

బామ్మ కాఫీ కప్పు ఎత్తింది. చిటికెన వేలు విడిగా నిలబడింది.

“అక్కర్లేదమ్మా,” అంది. “డార్లిస్ ముందు సీట్లోనే కూర్చుంటుంది.”