నక్షత్రం పేలిన తర్వాత

చీకటి గుడారంలో మళ్లీ సెల్‌ఫోన్ వెలిగింది. జ్యోతిరాణికి ఒళ్లు మండింది.

మళ్లీ ఆ పెద్దాయనే. పొద్దుటి నుంచి ఒక్క ఆట వదలకుండా ముందు వరసలో పాతుకుపోయాడు. ఫోన్లు తీస్తే వెలుగుకు బొమ్మ పాడవుతుందని చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

లక్సెట్టిపేట బడి మైదానంలో గాలి నింపి నిలబెట్టిన గుడారం అది. లోపల కప్పు నిండా ఓ నక్షత్రం పేలే బొమ్మ. ఆ పేలుడును కంప్యూటర్‌లో లెక్కగట్టినవాడు యూనివర్సిటీలో ఆమె సీనియర్ శ్రావణ్. పోయిన ఏడు డెంగీతో పోయాడు. అతను వదిలిన అంకెల కుప్పకు రంగులద్ది, కదిలే బొమ్మ చేసేసరికి ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది.

బయట పిల్లలు ఎండలో వరస కట్టారు. అందుకే నక్షత్రం పేలగానే బొమ్మ ఆపేసి, అందరినీ పంపేస్తోంది. ఈయన మాత్రం కదలడు.

"ఫోన్ ఇటియ్యుండ్రి."

ఇచ్చాడు. అందులోని వీడియోలన్నీ తుడిచిపారేసింది. పిల్లల జాగాలో కూర్చోవడానికి సిగ్గనిపించడం లేదా అని అందరి ముందే కడిగేసింది.

ఆయన తల వంచుకుని విన్నాడు. తర్వాత కప్పు వైపు చూశాడు.

"ఆఖర్కు పేరు వస్తదంట గద మేడం?"

"పేర్లు రానీకి గిదేమన్న సినిమానా? లేవుండ్రి."

పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆయన తువ్వాల భుజాన వేసుకుని, చెప్పులు వెతుక్కుని వెళ్లిపోయాడు. పీడ విరగడైందనుకుంది.

సాయంత్రం ఆఖరి ఆటకు బయట వరస లేదు. ఆమె బొమ్మ ఆపలేదు. నక్షత్రం పేలింది. ధూళి చెదిరి, కప్పు నల్లబడింది. పిల్లలు లేచి వెళ్తుంటే తెల్లటి అక్షరాలు పైకొచ్చాయి.

లెక్కలు: శ్రావణ్, ఊరు బోథ్.

చీపురుతో లోపలికొచ్చిన అటెండర్ సిద్దిరాములు తలెత్తి చదివి, అక్కడే నిలబడిపోయాడు.

"పేరు వస్తుంది గద మేడం. రాదంటిరంట?"

"వస్తే ఏంది?" జ్యోతిరాణికి కోపం ఇంకా చల్లారలేదు. "గాయినకేం పని ఆ పేరుతోని?"

సిద్దిరాములు చీపురు పక్కన పెట్టాడు.

"పోయేటప్పుడు గేటు కాడ అడిగితె చెప్పిండు మేడం. మంచంల ఉన్న భార్యకు సూపెడ్తనని ఫోన్ల పట్టుకున్నడంట. గా శ్రావణ్ కన్నతల్లికి."