కంచం చెప్పిన సాక్ష్యం

కుటుంబ ఆరోగ్య కేంద్రం ఇంటింటికీ తూకం కంచాలు పంచాక, ఎవరేం తింటున్నారో ఆ కంచాలే కేంద్రానికి కబురు పంపుతున్నాయి. బాలింత అయిన సత్యవేణి కంచంలో ఆమె అత్త చిన్నమ్మడు రోజూ రెండు గుడ్లు పెట్టేది. కంచం తూచగానే తీసి కొడుక్కి వేసేది.

పాలు చాలక పాప చిక్కిపోసాగింది. కేంద్రం నుంచి వచ్చినామెతో సత్యవేణి, "గుడ్లు అత్త తీసేస్తందండీ" అని చెప్పుకుంది. కంచం లెక్కలో రోజూ రెండు గుడ్లు కనబడుతుంటే ఆమె నమ్మలేదు.

"కంచం అబద్ధం చెబుతాదేటే పిల్లా?" అని నవ్వింది చిన్నమ్మడు.

మర్నాటి నుంచి వడ్డన సత్యవేణి చేతికి తీసుకుంది. అత్త వచ్చి కూర్చునేలోపే ఆమె కంచంలో నాలుగు సున్నుండలు పెట్టి, తూకం కాగానే తీసి తను తినేసేది.

పదిహేనో రోజున చిన్నమ్మడి కంచం పలికింది. "రోజూ నాలుగు సున్నుండలు తింటున్నారు. షుగరు ముప్పు. ఇకనుంచి మీకు జొన్న గంజి మాత్రమే." వేలిముద్రతో తెరుచుకునే వంటింటి అలమరకూ కంచం కబురు అందింది; ఆ పూట నుంచి అది ఆమె వేలికి తెరుచుకోలేదు.

"ఒక్క ఉండైనా ముట్టలేదే నేను."

"కంచం అబద్ధం చెబుతాదా అత్తా?" అంటూ సత్యవేణి గంజి పోసింది. ఎదురుగా కూర్చుని పాపను ఒళ్ళోకి తీసుకుని పాలిస్తూ, తీరిగ్గా సున్నుండ కొరికింది. పాప గుటకలు అత్తకు వినబడుతూనే ఉన్నాయి.