ఎర్రదారం

హసన్‌పర్తి చర్చి ముందు బైబిల్లో ఇశ్రాయేలీయులు దేవుణ్ణి ఆరాధించిన ప్రత్యక్షపు గుడారం నమూనా కట్టారు. దాని లోపల దేవుడుండే అతి పరిశుద్ధ స్థలానికి అడ్డంగా వేలాడే తెరను సలోమి కుట్టింది.

ఆమె అత్త మార్తమ్మ ఆ తెరను కళ్లకద్దుకుంది. "ఇది యేసయ్య శరీరం. ఈ ఎర్రదారం ఆయన రక్తం. ఆ రక్తంతోనే మనందరికి లోపలికి దారి దొరికింది."

సలోమి లోపలికి పోబోతే మార్తమ్మ అడ్డం నిలబడింది.

"ముట్టుల ఉండి ఎట్ల పోతవే? తెర మైలపడ్తది!"

సలోమికి ఒళ్లు మండింది.

"పోయిన నెల గూడ గిట్లనే ముట్టుల ఉన్ననని చర్చికి రానియ్యలే. ఇంట్ల ఉత్తగ కూసునుడెందుకు, తెర కుట్టుమన్నది నువ్వే గద అత్తమ్మా! ఆ మూడు రోజులల్లనే కుట్టిన."

మార్తమ్మ గబుక్కున తెర వదిలేసింది. ఇందాక దాన్ని అద్దుకున్న కళ్లను కొంగుతో గట్టిగా తుడుచుకుంది.