డార్క్‌రూమ్‌లో మొదటి పాఠం

ఫొటోలు కడగడం నేర్పమని మా ఆవిడ అడిగితే డార్క్‌రూమ్‌లోకి తీసుకెళ్లాను. పొగిడి అడిగితే కాదనే గురువును నేనింతవరకూ చూడలేదు.

"హైపో అనే ఈ మందునీళ్లలో పది నిమిషాలు నానిన ఫిలింకి ఇక వెలుతురు తగిలినా ఏమీ కాదు," అన్నాను.

"మొత్తం పని ఎంతసేపండీ?"

"అరగంట," అన్నాను గర్వంగా.

"మరి మా అన్నయ్య పద్యాలు వినిపించడానికి వచ్చినప్పుడల్లా, తలుపు తీస్తే ఫిలిం పాడవుతుందని సాయంత్రం దాకా మీరు ఇందులోనే ఉండేవారే? ముప్పయ్యేళ్లుగా నేనొక్కదాన్నే వింటున్నాను."

కాపురం నిలిచే జవాబొకటి వెతుక్కుంటూ ఉండగానే బయటినుంచి వాళ్లన్నయ్య గొంతు వినిపించింది.

"బావగారూ, కొత్తవి ఇరవై రాశాను."

మా ఆవిడ తలుపు గడియ సరిచూసి వచ్చి, "ఇంకో స్టూలు లేదా ఇక్కడ?" అంది గుసగుసగా.